ఫిల్టరు మీద ముల్లు నిజం చెప్పాలంటే: పూల్ పంపుకు గ్లిజరిన్ గేజీ బిగించే పద్ధతి

పోరంకి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్ పూల్ నీళ్ళు పచ్చబడుతున్నాయని కబురొస్తే వెళ్ళాను. "ఫిల్టరు బ్రహ్మాండంగా ఉందండీ. ప్రెషర్ ఎప్పుడు చూసినా 18, ఒక్క గీత కూడా కదలదు" అన్నారు అసోసియేషన్ సెక్రటరీ గారు, కాస్త గర్వంగానే. పంపు రూములోకి దిగి స్విచ్ ఆపాను. మోటారు చప్పుడు ఆగింది. ఫిల్టరు మీద ఒత్తిడి చూపే ప్రెషర్ గేజీ ముల్లు 18 దగ్గరే ఉంది. వేలితో అద్దం మీద రెండుసార్లు కొట్టాను, అయినా కదల్లేదు. ఆయన నా వంక చూశారు, గేజీ వంక చూశారు, ఇంకేం మాట్లాడలేదు. ఆ గేజీ ఎప్పుడో చచ్చిపోయింది. ముల్లు పెరగడం లేదు కదా, బ్యాక్‌వాష్ (నీళ్ళు ఎదురు దిశలో పంపి ఫిల్టరు ఇసుకను కడగడం) ఎందుకని నెలల తరబడి ఇసుకను అలాగే వదిలేశారు.

ఆ రోజే పాత డ్రై గేజీ (డబ్బాలో ద్రవం లేనిది) తీసేసి గ్లిజరిన్ నింపినది పెట్టి వచ్చాను. అరగంట పని. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో, స్కూళ్ళలో, కృష్ణ ఒడ్డు తోటల్లో పూల్‌లు చాలానే వచ్చాయి. వాటిని చూసుకునే కుర్రాళ్ళకు ఈ చిన్న పని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పానా పట్టుకోవడం వస్తే మీరే చేసుకోవచ్చు.

గేజీ లోపల ఉన్నది పెద్ద యంత్రమేం కాదు. కొడవలిలా వంచిన సన్నటి లోహపు గొట్టం, దానికి తగిలించిన రెండు మూడు చిన్న పళ్ళ చక్రాలు, ఒక ముల్లు. 1849లో యూజీన్ బోర్డాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. తిరనాళ్ళలో అమ్మే కాగితం బూర ఊదితే చుట్ట విప్పుకుంటుంది చూడండి, నీటి ఒత్తిడికి ఆ గొట్టం కూడా అలాగే వెంట్రుకవాసి విచ్చుకుంటుంది. ఆ కాస్త కదలికనే పళ్ళ చక్రాలు పెద్దది చేసి ముల్లుకు అందిస్తాయి. పంపు తిరుగుతున్నంతసేపూ అదురే కాబట్టి డ్రై గేజీలో ముల్లు జ్వరమొచ్చినట్టు వణుకుతూ ఉంటుంది, ఆ వణుకుడుకే పళ్ళు అరిగిపోతాయి. డబ్బాలో గ్లిజరిన్ ఉంటే ముల్లు తేనెలో చెంచాలా నిదానంగా కదులుతుంది. పళ్ళకు నూనె వేసినట్టూ ఉంటుంది, మన తేమ గాలికి అద్దం లోపల ఆవిరి పట్టకుండానూ ఉంటుంది.

ఆ గ్లిజరిన్ పూల్ నీళ్ళలో కలిసిపోదా అని చాలామంది అడుగుతారు. కలవదు. నీళ్ళు గొట్టం లోపల, గ్లిజరిన్ గొట్టం బయట.

కొనేటప్పుడు

ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పైపులు అమ్మే షాపులో "గ్లిజరిన్ గేజీ ఒకటివ్వండి" అంటే ఇస్తారు. కానీ వాళ్ళ దగ్గరికి ఎక్కువగా వచ్చేది జేసీబీల వాళ్ళు, టిప్పర్ల వాళ్ళు, ప్రెస్సుల వాళ్ళు. అలవాటులో 0 నుంచి 250 కేజీల (చదరపు సెంటీమీటరుకు అన్ని కేజీల ఒత్తిడి అని) గేజీ చేతిలో పెడతారు. మన ఫిల్టరులో ఉండేది కేజీ, కేజీన్నర. ఆ గేజీ బిగిస్తే ముల్లు నిద్ర కూడా లేవదు. గుంటూరులో ఒకాయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసే బావమరిది ఇచ్చాడని అమ్మోనియా గేజీ తెచ్చి పెట్టుకున్నారు. ఊరికే వచ్చింది, దిట్టంగానూ ఉంది. పూల్‌కు మాత్రం పనికిరాదు, దాని స్కేలంతా వేరే లోకం.

శుభ్రంగా ఉన్న శాండ్ ఫిల్టరు మీద ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 20 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) మధ్య ఉంటుంది. కేజీల్లో చెప్పాలంటే 0.7 నుంచి 1.4. ఒక కేజీ అంటే 14.2 పీఎస్ఐ, ఒక బార్ అంటే 14.5. కేజీకీ బార్‌కీ పెద్ద తేడా లేదు కాబట్టి ఏది దొరికినా ఫర్వాలేదు. రోజూ చూసే నంబరు స్కేలుకు నడిమధ్యన పడాలి, అదీ లెక్క. అందుకని 0 నుంచి 4 కేజీల గేజీ, అంటే సుమారు 0 నుంచి 60 పీఎస్ఐ, మామూలు పూల్‌కు సరిపోతుంది. పంపు నేమ్‌ప్లేట్ మీద గరిష్ఠ హెడ్ (పంపు నీళ్ళను ఎత్తగల ఎత్తు) 20 మీటర్లని ఉంటే ఆ పంపు ఎంత గింజుకున్నా 2 కేజీలు దాటదు (10 మీటర్ల నీళ్ళంటే సుమారుగా ఒక కేజీ). పంపు, ఫిల్టరు పూల్ నీటిమట్టం కంటే కిందుంటే మీటరుకు కేజీలో పదో వంతు చొప్పున కలుపుకోండి. అప్పుడూ 4 కేజీల స్కేలుకు ఇబ్బంది లేదు.

"పెద్దది తీసుకుంటే సేఫ్ కదా" అనుకోవద్దు. డయల్ మీద చిన్న అక్షరాల్లో క్లాస్ 1.6 అని ఉంటుంది. పూర్తి స్కేలులో 1.6 శాతం వరకు తప్పు చూపించవచ్చని దాని అర్థం. 10 కేజీల గేజీలో అది 0.16 కేజీ, అంటే రెండు పీఎస్ఐ పైనే. 4 కేజీల గేజీలో ఒక పీఎస్ఐ కూడా ఉండదు. బ్యాక్‌వాష్ చేయాలా వద్దా అనే నిర్ణయం ఎనిమిది పీఎస్ఐ తేడా మీద ఆధారపడి ఉంటుంది, అందులో రెండు పోగొట్టుకుంటే ఎలా?

లోహం సంగతి. నీళ్ళు తగిలే భాగం ఇత్తడిదైతే మామూలు పూల్‌లో కొన్నేళ్ళు బండి నడుస్తుంది. ఉప్పుతో క్లోరిన్ తయారు చేసే సాల్ట్ పూల్ అయినా, బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నా ఎస్ఎస్ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకోండి. ఒక్క డబ్బా మాత్రమే స్టీల్‌ది, లోపల గొట్టం ఇత్తడిది అయిన గేజీలే ఎక్కువగా వస్తాయి, అడిగి కొనండి. డయల్ మీద ఐఎస్ 3624 అని ఉంటే అది ప్రెషర్ గేజీలకు మన దేశపు ప్రమాణం.

అన్నిటికంటే ఎక్కువగా పొరపాటు జరిగేది మర దగ్గర. మన దగ్గర దొరికే గేజీలు ఎక్కువగా పావు అంగుళం బీఎస్‌పీ (బ్రిటిష్ కొలత) మర. అమెరికా నుంచి వచ్చిన ఫిల్టరు, మల్టీపోర్ట్ వాల్వ్ (పిడి తిప్పి ఫిల్టర్, బ్యాక్‌వాష్, రిన్స్ మార్చేది) అయితే పావు అంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ కొలత) ఉంటుంది. చూడ్డానికి కవల పిల్లలే. బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, మూడో చుట్టుకు బిగుస్తుంది, "కొత్తది కదా" అని పానా వేసి ఇంకాస్త తిప్పుతారు. టక్‌మంటుంది. వందల రూపాయల గేజీ కోసం వేల రూపాయల వాల్వ్ మూత పోయింది. పాత గేజీని జేబులో వేసుకుని షాపుకెళ్ళి మర పక్కన మర పెట్టి వెలుతురుకు పట్టి చూడండి. పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుని మధ్యలో సందు కనబడకపోతే సరైనదే.

విప్పే ముందు

పంపు స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ దించండి. ఇప్పుడు చాలా పూల్‌లకు టైమర్ ఉంటుంది. మీరు గేజీ విప్పి చేతిలో పట్టుకుని ఉండగా సరిగ్గా నాలుగింటికి పంపు దానంతటదే లేస్తుంది.

తర్వాత పంపు ముందున్న, పూల్ నుంచి నీళ్ళు లాగే వైపు సక్షన్ వాల్వులు మూయండి. ఫిల్టరు తర్వాత పూల్‌కు వెళ్ళే రిటర్న్ వాల్వ్ కూడా మూయండి. ఈ రెండో మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. పనిలో చేరిన కొత్తలో గుంటూరు విద్యానగర్‌లో ఒకరింట్లో సక్షన్ ఒక్కటే మూసి గేజీ విప్పాను. పూల్ పైన, పంపు రూము కింద. రిటర్న్ లైన్లో నుంచి నీళ్ళు వెనక్కి తిరిగి ఆ పావు అంగుళం కన్నంలో నుంచి పిచికారీలా మొహానికి కొట్టాయి. బొటనవేలితో కన్నం మూసి "బాబాయ్, బాబాయ్" అని వాచ్‌మన్‌ను కేకేస్తూ నిలబడ్డాను. ఆయన వచ్చి వాల్వ్ వెతికి మూసేసరికి పంపు రూములో మడమ లోతు నీళ్ళు.

వాల్వులు మూశాక ఫిల్టరు మీద ఉన్న ఎయిర్ రిలీజ్ బిరడాను నెమ్మదిగా వదులు చేయండి. ఉస్ మని గాలి, కాసిని నీళ్ళు వచ్చి ఆగిపోతాయి. అప్పుడే గేజీ మీద చెయ్యి వేయాలి. ఫిల్టరు ట్యాంకులో పట్టుబడిన గాలి చాలా ప్రమాదకరం. ప్రెషర్ ఉండగా ఏ మూతా, ఏ క్లాంపూ విప్పకూడదు.

బిగించడం

పాత గేజీని డబ్బా పట్టుకుని తిప్పవద్దు. డబ్బా కింద, మరకు పైన నలుపలకల మెడ ఒకటి ఉంటుంది. చాలా గేజీలకు 14 నంబరు పానా సరిపోతుంది. విప్పేటప్పుడైనా బిగించేటప్పుడైనా పానా అక్కడే పడాలి. డబ్బా పట్టుకుని తిప్పితే లోపల గొట్టం మెలిపడుతుంది, ముల్లు సున్నా వదిలేస్తుంది. గ్లిజరిన్ కారిపోయే గేజీల్లో చాలావాటికి మొదటి దెబ్బ ఇక్కడే తగిలి ఉంటుంది.

పాతది ఊడి వచ్చాక కన్నంలోకి టార్చి వేసి చూడండి. పాత టేపు ముక్కలు, బోరు నీళ్ళ సున్నపు పెచ్చులు ఉంటాయి. పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. మనం బోరు నీళ్ళతో నింపే పూల్‌లలో ఈ కన్నం పూర్తిగా పూడుకుపోయిన సందర్భాలు చూశాను. గేజీ బాగానే ఉంటుంది, పాపం దాని దాకా నీళ్ళే రావు.

కొత్త గేజీ మర కొనవైపుకు సన్నబడుతూ ఉంటే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర కొన మీ వైపు తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిశలో, మొదటి మర వదిలేసి మూడు నాలుగు చుట్లు. ఎదురు దిశలో చుడితే బిగిస్తున్న కొద్దీ టేపు విప్పుకుని కుప్పగా పైకి వస్తుంది. కొనమీద టేపు వేలాడకుండా చూసుకోండి, ఆ ముక్కే లోపలికెళ్ళి సన్న కన్నానికి అడ్డం పడుతుంది. మర మొదలు నుంచి చివరి దాకా ఒకే లావు ఉంటే అది వాషరు మీద సీలు అయ్యే రకం. టేపు ఎంత చుట్టినా ప్రయోజనం ఉండదు, వాషరు వేయండి. జీఐ పైపులకు పూసే పేస్టులు, సఫేదా, దారం ఇక్కడికి తేవద్దు. కొన్ని పేస్టులు ఫిల్టరు వాల్వ్ ప్లాస్టిక్‌ను లోలోపల పెళుసు చేస్తాయి, ఆర్నెల్ల తర్వాత చీలిక కనబడుతుంది.

ముందు చేత్తోనే తిప్పండి. తొలి చుట్టు అడ్డంగా ఎక్కినట్టు అనిపిస్తే ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి. చేత్తో బిగుసుకున్నాక పానాతో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. డయల్ మీ వైపు తిరగాలని ఇంకో ముప్పావు చుట్టు తిప్పేస్తారు చాలామంది. తప్పు. కాస్త పక్కకు చూస్తే చూడనివ్వండి, లేదంటే విప్పి టేపు ఒక చుట్టు పెంచి మళ్ళీ బిగించండి. గేజీ నిటారుగా, గడియారంలో 12 ఉండే వైపు పైకి ఉండాలి. కన్నం పక్కకు ఉంటే ఒక చిన్న ఎల్బో వేసుకోండి.

మధ్యలో చిన్న బాల్ వాల్వ్ పెడితే మంచిదా అని అడుగుతారు. మంచిదే, తర్వాత గేజీ మార్చాలన్నా, సున్నా చూడాలన్నా పంపు ఆపే పని ఉండదు. కానీ ఇత్తడి వాల్వ్, దాని మీద 100 మిల్లీమీటర్ల బరువు గేజీ, మొత్తం ఒక ప్లాస్టిక్ మర మీద వేలాడి అదురుతూ ఉంటే ఆ మర ఎంతకాలం ఉంటుంది? 63 మిల్లీమీటర్ల గేజీ అయితే పెట్టండి. పెద్ద గేజీ కావాలనుకుంటే గోడకు బిగించి సన్న ట్యూబుతో కలపండి.

బిరడా సంగతి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను చూసిన పది గ్లిజరిన్ గేజీల్లో ఏడెనిమిదింటికి ఈ పని జరగలేదు.

గేజీ డబ్బా మీద, నడినెత్తిన, చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. రవాణాలో గ్లిజరిన్ కారకుండా దాన్ని పూర్తిగా మూసి పంపిస్తారు. బిగించాక ఆ డబ్బాకు గాలి తగలాలి. కొన్నింటికి బిరడా మీద చిన్న చనుమొన లాంటిది ఉంటుంది, బ్లేడుతో దాని కొస కోయాలి. కొన్నింటికి పసుపు రంగు చిన్న మీట ఉంటుంది, మూత నుంచి తెరిచే వైపుకు తిప్పాలి. కంపెనీ కాగితంలో బొమ్మ వేసి ఉంటుంది, ఆ కాగితం అట్టపెట్టెతో సహా చెత్తబుట్టలోకి పోతుంది.

కోయకపోతే ఏమవుతుంది? గేజీ కొలిచేది గొట్టం లోపలి ఒత్తిడికీ డబ్బాలోని ఒత్తిడికీ మధ్య తేడాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మన ఊళ్ళో పంపు రూము రేకు కింద మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. గ్లిజరిన్ వేడెక్కి ఉబ్బుతుంది, పైనున్న గాలి బుడగ నలుగుతుంది, డబ్బాలో ఒత్తిడి పెరిగి గొట్టాన్ని బయటి నుంచి నొక్కుతుంది. ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రెండు మూడు పీఎస్ఐ తేడా రావడానికి ఆ వేడి చాలు. పొద్దున ఆరింటికి 16, మధ్యాహ్నం 13 చూపించే గేజీని నాకు ఒక కుర్రాడు తెచ్చి చూపించాడు. "అన్నా, ఇది డూప్లికేట్ మాల్, మార్పించేయ్" అన్నాడు. ఫిల్టరు మీద ఉండగానే మే నెల ఎండలో బిరడా కొస కోశాం. చిన్నగా తుస్సుమంది, ముల్లు మా కళ్ళ ముందే మూడు గీతలు పైకి జరిగి నిలబడింది. గేజీ అసలైనదే.

కోసేటప్పుడు గేజీ నిటారుగా, బిరడా పైకే ఉండాలి. పడుకోబెట్టి కోస్తే గ్లిజరిన్ చేతినిండా. కోశాక ఆ గేజీని మళ్ళీ పడుకోబెట్టి బండి డిక్కీలో తీసుకెళ్ళకూడదు. పైన ఒక చిన్న గాలి బుడగ కనబడుతుంది, దాన్ని చూసి గ్లిజరిన్ తక్కువ పోశారని షాపువాడితో తగువు పెట్టుకోవద్దు. ఉబ్బడానికి చోటు కోసం కావాలనే వదిలేసేది అది.

నంబరు రాసుకోండి

వాల్వులు తెరిచి, ఎయిర్ రిలీజ్ తెరిచే ఉంచి, పంపు వేయండి. ఫిల్టరు మీదికి వంగి నిలబడకుండా ఒక అడుగు పక్కన ఉండండి. రిలీజ్ నుంచి గాలి పోయి నీళ్ళు ధారగా వచ్చాక మూయండి. గేజీ మెడ చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి తీసి చూడండి. తడి ఉంటే పంపు ఆపి, గాలి వదిలి, ఇంకో ఎనిమిదో వంతు చుట్టు బిగించండి.

ఇప్పుడు పంపు ఆపి పూర్తిగా ఒక బ్యాక్‌వాష్ చేయండి. సైట్ గ్లాసులో (బయటికి పోయే నీళ్ళు కనబడే గాజు) నీళ్ళు తేటపడే వరకు, మామూలుగా రెండు మూడు నిమిషాలు, తర్వాత అర నిమిషం పైన రిన్స్. మల్టీపోర్ట్ పిడి తిప్పే ప్రతిసారీ పంపు ఆగి ఉండాలి, అందులో మినహాయింపు లేదు. మళ్ళీ ఫిల్టర్ మీద పెట్టి పంపు వేసి, పది నిమిషాలయ్యాక ముల్లు ఎక్కడుందో చూడండి. మీ పూల్‌కు అదే పుట్టిన తేదీ లాంటి నంబరు. పర్మనెంట్ మార్కరుతో ఫిల్టరు ట్యాంకు మీదే రాయండి. నోట్‌బుక్‌లో రాస్తే వాచ్‌మన్ మారినప్పుడు నోట్‌బుక్ కూడా మారిపోతుంది.

పక్క అపార్ట్‌మెంట్‌లో 12 ఉంది, మనకు 17 ఎందుకని టెన్షన్ పడొద్దు. పైపుల లావు, వంపులు, పంపు సైజు, ఎత్తు, అన్నీ వేరు. మీ నంబరు మీద 8 నుంచి 10 పీఎస్ఐ పెరిగిన రోజు బ్యాక్‌వాష్. ఆదివారం వచ్చింది కదా అని చేసే బ్యాక్‌వాష్‌లో నీళ్ళు దండగ. పైగా మరీ తేటగా కడిగిన ఇసుక కంటే కాస్త మురికి పట్టిన ఇసుకే సన్న నలుసులను బాగా ఆపుతుంది.

ముల్లు ఏమంటోంది

ప్రెషర్ పెరిగితే అడ్డం ఫిల్టరులోనో, దాని తర్వాతో ఉన్నట్టు. ఇసుక నిండి ఉండాలి, లేదా ఎవరో రిటర్న్ వాల్వ్ సగం మూసి ఉండాలి. బ్యాక్‌వాష్ చేసినా మీ నంబరుకు దిగిరాకపోతే ఇసుక గడ్డకట్టింది, ట్యాంకు తెరవాల్సిందే.

ప్రెషర్ తగ్గితే అడ్డం ఫిల్టరుకు ముందు ఉన్నట్టు. పంపు స్ట్రైనర్ బుట్టలో వేపాకులు, స్కిమ్మర్ (పూల్ అంచున పైనీళ్ళు లాగేది) మూతి కిందికి పోయిన నీటిమట్టం, పంపు మూత రబ్బరు రింగు ఎండి గాలి లాగడం, ఈ మూడే ముందు చూడండి. ముల్లు లేచి పడుతూ ఉంటే పంపు గాలి మింగుతోంది. డ్రై గేజీ అయితే వణుకుడు దాని స్వభావం అనుకుని వదిలేస్తాం. గ్లిజరిన్‌లో మునిగిన ముల్లు కూడా ఊగుతోందంటే లోపల గొడవ పెద్దదే.

కానూరులో ఒక స్కూలు పూల్‌లో 15 ఉండాల్సిన ముల్లు ఒక రోజు పొద్దున 6 దగ్గర ఉంది. బుట్ట శుభ్రం, నీటిమట్టం బాగుంది, గాలి లేదు. ముల్లు ఊగడమూ లేదు, బుద్ధిగా 6 దగ్గర నిలబడింది. గంటసేపు బుర్ర గోక్కున్నాక అటెండరు చెప్పాడు, ముందురోజు కరెంటు స్తంభం దగ్గర ఏదో వైరు మార్చారని. త్రీఫేజ్ మోటారు, రెండు ఫేజులు అటూఇటూ అయ్యాయి. పంపు ఎదురు తిరుగుతోంది. ఎదురు తిరిగినా ఈ రకం పంపు నీళ్ళు ముందుకే తోస్తుంది, కానీ సత్తువ ఉండదు. వెనక ఫ్యాను వైపు చూసి బాణం గుర్తుతో పోల్చుకుంటే ఒక్క నిమిషంలో తేలేది. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు వైర్లు మార్చాడు, ముల్లు 15కి వచ్చింది.

వీలుంటే పంపు సక్షన్ వైపు, లాగే బలాన్ని చూపే ఒక వాక్యూమ్ గేజీ కూడా పెట్టుకోండి. చాలా పంపుల స్ట్రైనర్ డ్రెయిన్ బిరడా కన్నానికే ఎక్కుతుంది. ప్రెషర్ తగ్గి వాక్యూమ్ పెరిగితే పంపుకు ముందు అడ్డం. రెండూ తగ్గితే గాలి లాగుతోంది, లేదా ఇంపెల్లర్‌లో (పంపు లోపల నీళ్ళు తోసే చక్రం) చెత్త ఇరుక్కుంది.

తర్వాత చూసుకోవడం

నెలకోసారి సున్నా చూడండి. పంపు ఆపి, రెండు వైపులా వాల్వులు మూసి, ఎయిర్ రిలీజ్ తెరవాలి. ఊరికే పంపు ఆపి చూస్తే సరిపోదు. టెర్రస్ మీద పూల్, మూడు మీటర్ల కింద పంపు రూము ఉన్నచోట పంపు ఆపినా 0.3 కేజీ, అంటే నాలుగు పీఎస్ఐ, ఉండే తీరుతుంది. అది గేజీ తప్పు కాదు, నెత్తిన ఉన్న నీళ్ళ బరువు. గాలి వదిలాక కూడా ముల్లు సున్నాకు రాకపోతే బిరడా చూడండి, కన్నం చూడండి, అప్పటికీ రాకపోతే మార్చేయండి. అద్దం విప్పి ముల్లును వేలితో సున్నాకు జరిపే మొనగాళ్ళున్నారు. అలా చేస్తే సున్నా దగ్గర మాత్రమే నిజం చెబుతుంది.

ఎండ తగిలే చోట గ్లిజరిన్ రెండు మూడేళ్ళకు టీ డికాక్షన్ రంగుకు వస్తుంది. అంకెలు కనబడుతున్నంతవరకు ఇబ్బంది లేదు. గ్లిజరిన్ తేమను పీల్చుకునే రకం, వానాకాలంలో బిరడా ఊడిపోయిన గేజీల్లోకి నీళ్ళు చేరతాయి. మట్టం ముల్లు ఇరుసు కంటే కిందికి దిగితే నింపాలి. మందుల షాపులో దొరికే శుద్ధమైన గ్లిజరిన్ చాలు. సీసాను కాసేపు వేడినీళ్ళ గిన్నెలో ఉంచితే పలచబడుతుంది. గేజీ విప్పి, బిరడా తీసి, సూదిలేని సిరంజితో నిదానంగా పోసి, బుడగలు పైకి తేలే వరకు ఒక పూట నిటారుగా వదిలేయండి. పైన కాస్త చోటు ఉంచండి. కారుతున్న చోటు తెలియకుండా నింపితే నెల తిరక్కుండా మళ్ళీ ఖాళీ. అలాంటప్పుడు కొత్తది కొనడమే చవక.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉన్న ఇళ్ళు మనకు తెలుసు. అలా మునిగిన పంపు రూములో గేజీ బిరడా తెరిచి ఉంటే డబ్బాలోకి బురద చేరినట్టే, కడిగి వాడుకుందామని చూడకండి.

ఒక జాగ్రత్త మాత్రం ఇంట్లో పిల్లలకు చెప్పినట్టు చెబుతున్నాను. గ్లిజరిన్‌ను పూల్ క్లోరిన్ పొడి, బిళ్ళలు ఉన్న డ్రమ్ము దగ్గరికి రానివ్వకండి. పూల్ నీళ్ళలో కరిగిన కాస్త క్లోరిన్‌తో గేజీకి ఏమీ కాదు, కానీ చిక్కటి క్లోరిన్ పొడి మీద గ్లిజరిన్ పడితే దానంతటదే వేడెక్కి మంట లేవగలదు. క్లోరిన్ ద్రావణం ఎక్కించే డోసింగ్ లైన్ మీద గ్లిజరిన్ గేజీ పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే. పగిలిన గేజీని తుడిచిన గుడ్డను చీపురు పక్కన, క్లోరిన్ డ్రమ్ము మూత మీద పడేసే అలవాటు ఉంటుంది కుర్రాళ్ళకు. ఆ గుడ్డను వెంటనే నీళ్ళతో జాడించి బయట ఆరేయించండి.